జపాను రాణి నుదుటి గుడ్డ

పావుగంటలో పరువంతా పోగొట్టుకోవడం ఎలాగో నన్నడగండి, చెబుతాను. అరవైల తొలినాళ్లలో హనుమకొండలో ఒక హైస్కూలుకు నేను కొత్త డ్రాయింగు మాస్టారిని. మా హెడ్మాస్టరు తమ్ముడు జపాను నుంచి చెక్క అచ్చుతో కాగితం మీద వేసిన ఒక పాత బొమ్మ, దాంతోపాటు ఒక ఉత్తరం పంపాడు. హెడ్మాస్టరు రెండూ నా చేతికిచ్చి, స్కూలు ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. చదవడమెందుకు, నాకు తెలియనిదేముంది?

వర్ధన్నపేట నుంచి మా నాయిన కూడా వచ్చాడు. ఆయన ఇరవై ఏళ్లు నాటకాల్లో ఆడవేషం కట్టిన మనిషి. నలుగురూ నవ్వుతారని ఆ సంగతి స్కూల్లో దాచాను. "నాటకాల ముచ్చట తియ్యకు నాయినా" అని బస్సు దిగగానే చెప్పాను కూడా.

"ఈమె జపాను రాణి!" అని హాల్లో అందరి ముందూ బొమ్మ మీద బెత్తం ఆనించాను. "నుదుట ఆ ఊదారంగు పట్టుగుడ్డ చూశారా? రాజచిహ్నం! ఈ మెడ వంపు, ఈ వయ్యారం ఏడు జన్మలెత్తినా మగవాడికి వస్తాయా?"

వెనక నుంచి నాయిన గొంతు. "వస్తయి బిడ్డా. వాడు మొగోడే."

హాలంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్లు మండి, "కూర్చోండి పెద్దాయనా" అన్నాను, ఎవరో పరాయివాణ్ణి అన్నట్టు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

నాయిన నొచ్చుకోలేదు. "జర ఆ గుడ్డ చూడుండ్రి సారూ. ముందట గొరిగిన నెత్తి కనవడొద్దని కట్టిండు. ఆడామెకు గసొంటి గుడ్డతోని ఏం పని?"

"ఉత్తరంలో ఏముందయ్యా?" అన్నారు హెడ్మాస్టరు. అప్పుడు విప్పాను. కబుకి అనే జపాను నాటకంలో ఆడవేషాలు మగవాళ్లే వేస్తారట. ఇతను అలాంటి నటుడేనట. అక్కడ వెనకటి మగవాళ్లు నెత్తి ముందుభాగం గొరిగించుకునేవాళ్లట, అది దాచడానికే ఆ ఊదాగుడ్డట.

"మీకెట్ల తెలిసింది పెద్దాయనా? మీరెవరు?" అని అడిగారు హెడ్మాస్టరు.

నాయిన ఒక్కసారి నా వైపు చూశాడు. "ఉత్తగ చూడనీకి వచ్చిన సారూ."

నాకు ఏడుపొచ్చింది. "మా నాయిన సార్" అన్నాను గట్టిగా. "ఇరవై ఏండ్లు గొరిగిన నెత్తి కనవడకుండ కప్పుకొని ఆడవేషం కట్టిండు."

నాయిన మెల్లగా ముందుకొచ్చి, భుజం మీది తువ్వాల తలమీదుగా కప్పుకొని, బొమ్మ పక్కన నిలబడి మెడ వంచాడు. అచ్చం అదే వంపు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నుదురు చూడకుండా ఈ జన్మలో ఎవరినీ రాణి అనబోనని ఆ రోజే బెత్తం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మరుసటేడు పెళ్లిచూపుల్లో పిల్ల నుదురునే కళ్లప్పగించి చూస్తుంటే, నాయిన నా చెవిలో అన్నాడు: "ఆడిపిల్లనేరా, ఫికర్ చెయ్యకు."