రంగు ఎక్కకపోతే

రాష్ట్రం విడిపోయిన ఏడాది నేను విజయనగరంలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్ని. రోజూ చీపురుపల్లి నుంచి పాసింజరులో నిలబడి వచ్చేదాన్ని. డాక్టర్లు పంపిన కండ ముక్కల్ని మైనంలో పొదిగి, పల్చటి పొరలుగా కోసి, గాజు స్లైడ్ల మీద రంగు వెయ్యడం నా పని. నీలం, గులాబి. సాయంత్రానికి నా గోళ్లు కూడా అదే రంగు.

గరివిడి పక్క ఊరి రైతు ఒకాయన ప్రోస్టేటు ముక్కలు వచ్చాయి. సూదితో తీసినవి, దారం పోగుల్లా ఉన్నాయి. మా డాక్టరుగారు చాలాసేపు మైక్రోస్కోపులో చూసి, "ఒక్క చోటే అనుమానం. ఈ రంగుతో తేలదు. విశాఖ పంపి ఇంకో రంగు వేయిద్దాం" అన్నారు. ఆ పరీక్షలో మంచి గ్రంథుల చుట్టూ గోధుమరంగు అంచు కనబడుతుంది. క్యాన్సరైతే ఆ అంచు ఉండదు.

దానికి పొర గట్టిగా అంటుకునే పూత స్లైడ్లు కావాలి. అవి అయిపోయాయి. కొత్తవి వచ్చేదాకా ఆగే ఓపిక లేక మామూలు వాటి మీదే పంపేశాను. అక్కడ వేడికి పొర ఊడిపోయింది. మళ్లీ పంపమన్నారు.

ఆ రైతు రిపోర్టు కోసం మూడు రోజులకోసారి బస్సెక్కి వచ్చేవాడు.

"ఏటమ్మా, ఇంకా రాలేదా?"

"నా తప్పే మావయ్యా. స్లైడు పాడైంది. మళ్లీ కోసి పంపాలి."

ఆయన కోప్పడలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకోపాలి సూది పొడిపించుకోలేను తల్లీ."

"అక్కర్లేదు. మైనంలో ఇంకా మిగిలుంది."

కొంచెమే మిగిలింది. ఈసారి పూత స్లైడ్లు వచ్చాకే కోసి పంపాను.

రిపోర్టు వచ్చాక డాక్టరుగారు ఆయన్ని కూర్చోబెట్టి, అనుమానమున్న చోట రంగు ఎక్కలేదన్నారు.

ఆయన ముఖం తేటపడింది. "ఎక్కలేదంటే మంచిదే కదా బాబూ?"

"కాదండీ. ఎక్కితేనే మంచిది. ఇది క్యాన్సరే. ఇంకా చిన్నదే, వైద్యం ఉంది."

 ఆయన, "పోన్లెండి, తెలిసింది కదా. ఇన్నాళ్లూ తిరగలేక సచ్చాను" అన్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ తిరుగుడు నా స్లైడు వల్లే.

విశాఖలో ఆపరేషనైందని కొన్నాళ్లకి ఆయన కోడలు ఫోన్ చేసింది. బాగానే ఉన్నాడట, పొలానికీ వెళ్తున్నాడట. నా గురించి ఏమైనా అన్నాడా అని అడిగాను.

"ఏటీ అన్లేదమ్మా. ఇప్పుడే పడుకున్నాడు. లేపమంటావా?"

వద్దన్నాను.