ఒర కుట్టడానికి ఇద్దరు కావాలి

కెలవరపల్లిలో పచ్చయమ్మ ఇంటికి ఆదివారాలు ఎవరూ రారు. తక్కిన రోజుల్లోనూ రారు గానీ, అప్పుడు ఆమె ఇంట్లో ఉండదు కాబట్టి ఆ సంగతి తెలియదు. తెల్లారగానే వ్యాను వచ్చి ఆమెను గులాబీ షెడ్డుకు తీసుకుపోతుంది. అక్కడ నలుగురితో పాటు నిలబడి పూల కాడల ముళ్లు గీకుతుంది, ఆకులు దులుపుతుంది, కట్టలు కడుతుంది. తనతో కాకపోయినా ఎవరో ఒకరు మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆదివారం మాత్రం ఇల్లు ఊడ్చి, చీర ఉతికి ఆరేసి, ఇంత వండుకుని తిన్నాక చాలా పొద్దు మిగిలిపోతుంది.

అలాంటి ఒక ఆదివారం వాకిట్లో ఎవరో దగ్గారు.

"నాగేశప్పా! ఉండావాప్పా?"

ఆ పేరు పెట్టి ఆ ఇంటి ముందు ఎవరైనా పిలిచి రెండేళ్లు దాటింది. పచ్చయమ్మ గబగబా బయటికి వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్న పొడుగాటి ముసలాయన ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో గోనె చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది. ఆమె ఆనవాలు పట్టింది. అంచెట్టి అవతల కొండల్లో మేకలు కాచుకునే మారప్ప. ఎప్పుడో ఏళ్లకొకసారి వచ్చి, వీధికి అటు పక్క రాయి మీద కూర్చుని, ఆమె మొగుడు నాగేశప్పకు పని చెప్పి పోయేవాడు.

"ఆయప్ప లేడప్పా. పోయినాడు."

"యాడికి?"

పచ్చయమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అందురూ పోయేకాడికే. గుండె నొప్పి వచ్చింది, ఆస్పత్రికి ఎత్తకపోయేలోపలే అయిపోయింది."

మారప్ప నిలబడ్డచోటే గొంతుకూర్చున్నాడు. "నాకెవురూ చెప్పలేదే అమ్మా," అన్నాడు, అది తన తప్పయినట్టు.

"కొండలో ఉండే మీకు ఎవురు వచ్చి చెప్తారప్పా."

ఆయన గోనె విప్పి చూపించాడు. మోచేతి పొడవు మచ్చుకత్తి, కొన వంకీ తిరిగి ఉంది. మేకలకు కొమ్మలు నరికే కత్తి. పొద్దస్తమానం నడుముకు వేలాడుతూ ఉండాలి. దానికి నాగేశప్ప పడుచుతనంలో పచ్చితోలు ఒర చేసి ఇచ్చాడు. వానకు నానినా ఎండకు ఎండినా చెక్కుచెదరలేదు. ఇన్నేళ్లకు దాన్ని ఒక కుక్కపిల్ల పాడుచేసింది. రాత్రంతా కూర్చుని ఒరను నమిలి మింగేసి, పొద్దున తోక ఊపుకుంటూ ఎదురొచ్చిందట. సంతలో గుడ్డ సంచీ లాంటిది కొన్నాడు గానీ, కత్తి దాన్ని చీల్చుకుని తొడకు తగిలింది. ఆయన పంచె పక్కకు తీసి కట్టు చూపించాడు.

"ఇంగెవురన్నా చేసేవాళ్లు ఉండారా ఈ పక్క?"

"లేరప్పా."

అది నిజమే. ఒకప్పుడు ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ తోలు ఆరుతూ ఉండేది. మోట బొక్కెనలు, ఎద్దుల మెడపట్టీలు, చెప్పులు, పలక డప్పులు, ఒరలు. ఇప్పుడు పిల్లలందరూ ఫ్యాక్టరీలకు పోతున్నారు. మారప్ప కత్తిని మళ్లీ గోనెలో చుట్టుకుంటుంటే, పచ్చయమ్మ నోటి నుంచి ఆమెకే తెలియకుండా మాట వచ్చేసింది.

"ఈడ పెట్టి పోండప్పా. చూస్తాను."

"నీకు వస్తుందామ్మా?"

"సగం వస్తుంది."

ఆమె తక్కువ చేసి చెప్పుకోలేదు. ఒర ఇద్దరి పని. నాగేశప్ప తోలు కోసి, మడిచి, ఆరెతో అంచు పొడుగునా బెజ్జాలు పొడిచేవాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఒకే బెజ్జంలో అటు నుంచి ఒక సన్నటి తోలు వారు, ఇటు నుంచి ఒక తోలు వారు దూర్చి, ఒక్కసారిగా ఇద్దరూ లాగాలి. ఇద్దరి బలమూ సమంగా ఉంటేనే కుట్టు నిటారుగా నిలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆయన "ఊఁ" అంటే ఆమె లాగేది. రెండు మూడేళ్లకు ఆ ఊఁ కూడా అవసరం లేకపోయింది. పిల్లలు కలగలేదు. వాళ్ల బతుకంతా దాదాపు అట్లాగే గడిచింది, మధ్యలో ఒక తడి తోలు, అటొకరు, ఇటొకరు.

పచ్చయమ్మ హోసూరు తోళ్ల మండికి పోయి ఒక గేదెతోలు ముక్క తెచ్చుకుంది. వెనకటికయితే ఏటికి తీసుకుపోయి నానేసి కడిగేవాళ్లు. ఇప్పుడు డ్యాము కింద ఏరు మురుగు కలిసి నురగలు కక్కుతోంది. మంచి వానలు పడితే ఆ నురగ గాలికి ఎగిరి రోడ్డు మీదికి కూడా వస్తుంది. అందుకని ఇంటి వెనక డ్రమ్ములో బోరు నీళ్లు పోసి, సున్నం కలిపి, తోలు ముంచింది. వెంట్రుక ఊడే దాకా నానాక, బండ మీద పరిచి మొద్దు కత్తితో గీకింది. భుజాలు నొప్పి పుట్టాయి. వాసన వీధంతా కమ్ముకుంది.

సాయంత్రం పక్కింటి అజిత్ వచ్చాడు. నాగేశప్ప అక్క కొడుకు. మత్తిగిరి దగ్గర ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. చెడ్డవాడు కాదు. నాగేశప్పను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది అతనే.

"ఏందత్తా ఇది? మళ్లీ ఎందుకు మొదులుపెట్టినావు?"

"ఒకటేరా. పాతవాళ్లు, అడిగినారు."

"నా ఫ్రెండ్సు ఇంటికి వస్తా ఉంటారు. ఈ వాసనకి ఏమనుకుంటారు? మేము ఆ పని విడిచి ఎన్నో ఏండ్లాయ అని చెప్పుకుంటా ఉండాను నేను."

"ఎండితే వాసన పోతుంది." పచ్చయమ్మ చేతులు కడుక్కుంటూ, అడగాలా వద్దా అని ఆలోచించి, చివరికి అడిగింది. "ఆదివారం రవ్వంతసేపు నాకెదురుగా కూచుంటావా? ఒక కొస పట్టుకోని లాగితే చాలు."

అజిత్ తల వంచుకున్నాడు. "నా చేత కాదత్తా."

మర్నాడు ఆమె షెడ్డు నుంచి వచ్చేసరికి అరుగు మీద ఫినాయిలు సీసా ఒకటి పెట్టి ఉంది.

ఆదివారం ఒంటరిగానే మొదలుపెట్టింది. నాగేశప్ప కోసేటప్పుడు ఎన్నోసార్లు చూసింది కాబట్టి తోలు కోయడం కష్టం కాలేదు. కుట్టేటప్పుడు మాత్రం ఒక కొస కాలివేళ్ల మధ్య ఇరికించుకుని, రెండో కొస చేత్తో లాగింది. కాలికెక్కడి బలం? కుట్టు పూర్తయినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించింది. నూనెగుడ్డ చుట్టిన కత్తిని లోపల దూర్చి, నీడలో వేలాడదీసింది. పచ్చితోలు ఆరేకొద్దీ బిగుస్తుంది, కట్టెలా గట్టిపడుతుంది. వారం మధ్యలో చూస్తే, ఒర ఒక పక్కకు మెలి తిరిగిపోయి ఉంది. ఎంత లాగినా కత్తి బయటికి రాలేదు. ఆమె కుట్లు కోసి కత్తిని విడిపించి, తోలును తిరిగి నీళ్లలో వేసింది. పచ్చితోలులో అదొక సుగుణం. నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది.

తర్వాతి ఆదివారం మారప్ప వచ్చే సమయానికి ఆమె నానిన తోలును చాప మీద పరుచుకుని కూర్చుని ఉంది.

"ఇంగా కాలేదామ్మా?"

"ఒకసారి చెడిపోయిందప్పా. మంచి పొద్దులో వచ్చినారు. రవ్వంతసేపు ఎదురుగా కూచోండి. ఈ వారు కొస పట్టుకోని, నేను చెప్పినప్పుడు లాగండి, చాలు."

మారప్ప గడప దాకా వచ్చాడు. చాప మీద తోలు తెల్లగా, జిగటగా మెరుస్తోంది. ఆయన చెయ్యి ముందుకు చాచాడు. సగం దూరం వచ్చిన చెయ్యి అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి పోయి తువ్వాలు సర్దుకుంది.

"మా ఇంట్లో దేవుని పని పెట్టుకోని ఉండామమ్మా. పచ్చితోలు ముట్టకూడదు."

దేవుని పనేదీ లేదని ఇద్దరికీ తెలుసు.

"సరేప్పా," అంది పచ్చయమ్మ.

"వచ్చే ఆదివారం వస్తాను," అని ఆయన వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

ఆమెకు మారప్ప మీద కోపం రాలేదు. అజిత్ మీదా రాలేదు. చచ్చిపోయిన మనిషి మీద వచ్చింది. "నువ్వొకడివే పోయినావు. పని మాత్రం ఈడ్నే పెట్టి పోయినావు," అని గట్టిగా అనేసింది. ఆ ఇంట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడింది. మామూలుగా ఆదివారమంతా తను ఒక్క మాటయినా మాట్లాడదని అప్పుడే తట్టింది.

కళ్లు తుడుచుకుని లేచి తలుపు మూసి గడియ పెట్టింది. ఒక వారు కొసను తలుపు గడియకు చుట్టి, గడప వైపు మొహం పెట్టి కూర్చుని, రెండో కొస పట్టుకుని వెనక్కి వాలింది. తలుపు కిర్రుమంది గానీ, ఒక్క వెంట్రుకవాసి కూడా లొంగలేదు. కుట్టు బిగిసింది. గడియ నుంచి వారు విప్పి, తర్వాతి బెజ్జంలో దూర్చి, మళ్లీ చుట్టి, మళ్లీ వాలింది. ఇద్దరున్నప్పుడు టీ పొంగేలోపు అయ్యే పని. ఆమెకు పొద్దు వాలేదాకా పట్టింది. మధ్యలో ఎవరో బయట నడుస్తూ, "ఈయమ్మ ఎందుకు తలుపేసుకోని ఉంది పట్టపగలు?" అనడం వినిపించింది.

ఈసారి ఒర నిటారుగా ఆరింది. పాత పంపుస్టవ్వు ఇత్తడి ట్యాంకు ఇంట్లో మూలన పడి ఉండేది. రేకు కత్తెరతో దాన్ని కోసి, ఒర మూతికి ఒక పట్టీ, కొనకు ఒక తొడుగు చేసింది. రాగి తీగ ముక్కలను మేకుల్లా దూర్చి, రెండు వైపులా సుత్తితో కొట్టి అణిచింది. ఒకచోట ఇత్తడి కాస్త సొట్టపోయింది. అది అట్లాగే ఉంచేసింది.

మారప్ప రాలేదు. ఆ ఆదివారం రాలేదు, తర్వాతి ఆదివారమూ రాలేదు. కత్తి లేకుండా మేకలకు కొమ్మలు ఎట్లా కొడుతున్నాడో అని ఆమెకు బెంగ పట్టుకుంది. చివరికి ఒరను, కత్తిని గోనెలో చుట్టుకుని, డెంకణికోటలో బస్సు మారి, అంచెట్టిలో దిగి, అడుగుకొకరిని అడుగుతూ కొండదారిన నడిచి ఆయన కొట్టం చేరింది.

కొట్టంలో మారప్ప, ఆయన భార్య మారక్క ఒక మేకకు అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. ఆయన మేక మెడ పట్టుకుని దవడ పైకెత్తాడు. ఆమె వెదురు గొట్టంతో మందు పోసింది. మేక పెనుగులాడితే ఇద్దరూ ఒక్కసారే మోకాళ్లు బిగించారు. ఇద్దరి మధ్యా మాటే లేదు. పచ్చయమ్మ దడి దగ్గరే నిలిచిపోయింది. పిలవబుద్ధి కాలేదు. మందు పూర్తిగా మింగించి, మేకను వదిలాకే వాళ్లు తలెత్తి చూశారు.

మారప్ప మొహం నల్లబడింది. "నువ్వే వచ్చినావా అమ్మా, ఇంత దూరం!"

ఆమె ఒర అందించింది. ఆయన గోటితో తట్టాడు. కొయ్య మీద తట్టినట్టు మోగింది. కత్తి దూర్చాడు. టక్కుమని కూర్చుంది. తలకిందులుగా పట్టి ఊపినా జారలేదు. వేలితో కుట్టు వెంబడి తడుముతూ, "సరిగ్గా ఆయప్ప కుట్టు మాదిరే ఉంది," అన్నాడు. "ఎవురు కూచున్నారు నీకెదురుగా?"

"తలుపు," అంది పచ్చయమ్మ.

మారక్క పకపకా నవ్వింది. మారప్పకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు.

"ఆ పొద్దు నేను కూచోనుండాల్సింది. మొగం చెల్లకనే రాలేదు," అన్నాడు.

"కూచోనుంటే బిరీన అయ్యుండును. అంతే కదప్పా."

మారక్క స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పచ్చయమ్మ తాగి, అలవాటు చొప్పున గ్లాసు తనే కడిగి అరుగు చివర బోర్లించింది. మారక్క దాన్ని లోపలికి తీసుకుపోలేదు, ఎందుకు కడిగావనీ అనలేదు. మజ్జిగ మాత్రం చల్లగా, కొత్తిమీర వేసి కమ్మగా ఉంది.

సాయంత్రం బస్సుకు మారప్ప తోడు వచ్చాడు. ఆ దారిలో ఏనుగులు తిరుగుతాయి. కొత్త ఒర నడుముకు కట్టుకుని, నాలుగు అడుగులు ముందు నడిచాడు. బస్సు లైట్లు మలుపు తిరిగాక అన్నాడు, "మా పక్క ఇంగా ఇద్దురు ముగ్గురు ఒరలు లేక ఉండారు. చెప్పేదా?"

పచ్చయమ్మ ఆలోచించింది. వాసన, అజిత్, పడిన అవస్థ అన్నీ గుర్తొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నాలు కూడా గుర్తొచ్చాయి.

"చెప్పండి," అంది.

బస్సు దాదాపు ఖాళీగా ఉంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చి ఎన్ని టికెట్లని అడిగాడు.

"ఒకటే," అంది పచ్చయమ్మ. ఖాళీ గోనెను మడిచి పక్క సీట్లో పెట్టుకుంది.