కిటికీ మంచం, తలుపు మంచం

"మనిషి ఎదురుగానే ఉన్నాడు కదక్కా! గదిలో ఇంకో పురుగు కూడా లేదు. మంచం ఒకటే, మనిషి ఒక్కడే. అలాంటప్పుడు 'మీ పేరేంటి, ఎప్పుడు పుట్టారు' అని అడగడమేంటి? ఏం, సంబంధం కుదర్చడానికా?"

నర్సమ్మ అలా అంటూనే దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేసింది. మంచం మీద ఆమె భర్త వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పనిబట్టలు కూడా మార్చుకోలేదు. గ్రీజు మరకలున్న మణికట్టుకు తెల్ల టేపు చుట్టి, దాని మీద పెన్నుతో ఒక పేరూ పుట్టినతేదీ రాసి ఉన్నాయి. అది ఆయన పేరు కాదు, కల్పించినది.

"రోజూ ఇంటికి రాగానే నేను రోగినే వదినగారూ," అన్నాడాయన నావైపు తిరిగి. "ఇన్నాళ్లయింది, ఇంకా నయం కాలేదు."

"కదలకండి. నయమైతే మీరు నాకెందుకూ పనికిరారు."

నర్సమ్మ అన్న పేరు మా బిల్డింగ్‌వాళ్లం పెట్టుకున్నది. ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా, ఎవరి చెయ్యి కాలినా మేం ముందు ఆమె తలుపే తడతాం. కానీ ఈ దేశం లెక్కలో ఆమె నర్సు కాదు. తన దేశంలో నర్సింగ్ చదివి, పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి, పెళ్లయ్యాక భర్త ఉన్నచోటికి వచ్చింది. ఇక్కడ సూది పట్టుకోవాలంటే ఇక్కడి నర్సుల మండలి లైసెన్సు ఇవ్వాలి. చదివిన కాలేజీ నుంచి కాగితాలు తెప్పించుకుంది. భాష పరీక్ష గట్టెక్కింది. రాత పరీక్షా గట్టెక్కింది. ఇక మిగిలింది చేత్తో చేసి చూపించే పరీక్ష. దానికి మూడుసార్లు మాత్రమే కూర్చోనిస్తారు. రెండుసార్లు పోయింది. వచ్చే వారం మూడోది. అదీ పోతే ఆమె ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత నర్సు కావాలంటే, నిన్నగాక మొన్న స్కూలు వదిలిన పిల్లల పక్కన మళ్లీ మొదటి ఏడాది నుంచి కూర్చోవాల్సిందే.

అందాకా ఆమె ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలు. ఒళ్లు తుడవచ్చు, పక్కబట్టలు మార్చవచ్చు, అన్నం తినిపించవచ్చు. మందుసీసా మూత మాత్రం ముట్టుకోకూడదు.

"ఆ పరీక్ష పెట్టే వరండా మీరు చూడాలక్కా," అంది నర్సమ్మ. "పొడుగ్గా ఉంటుంది. వరసగా తలుపులు. ఒక్కో తలుపు ముందు ఒక్కొక్కళ్లం నిలబడాలి. లోపల ఎవరున్నారో, ఏం చేయాలో కాగితం అంటించి ఉంటుంది, చదువుకోవాలి. గంట కొడతారు. అందరం ఒక్కసారే లోపలికి. మంచం మీద రోగిలా నటించే మనిషి, మూల కుర్చీలో మార్కులు వేసే ఆవిడ. నవ్వదు, కోప్పడదు. కోప్పడినా బాగుండును."

"మొదటిసారి ఏమైంది?" అన్నాను.

"సూది ఎంత బాగా వేశాననుకున్నారు! ఆ మనిషి చేతికి స్పాంజి కడతారులెండి, దానికే వేయాలి. 'అయిపోయిందా?' అన్నాడు పాపం. అంత సున్నితంగా వేశాను. కానీ పేరడగలేదు. అంతే, ఆ గది పోయింది. ఆ ఒక్క గది పోతే మొత్తం పోయినట్టే. రెండోసారి అడిగాను. చెప్పాడు. చేతి పట్టీ మీదా అదే పేరుందో లేదో చూడలేదు. నోటితో చెప్పాడు కదా, అబద్ధమెందుకు చెప్తాడు అనుకున్నాను."

మాట ఆగిపోయింది. బయట లిఫ్టు వైపు చెవి పెట్టినట్టు ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఏ శబ్దమూ లేదు. ఆ పరీక్ష గంట ఆమెను ఇంటిదాకా తరుముకొచ్చిందని నాకు ముందే తెలుసు. మా లిఫ్టు ఆగినప్పుడల్లా 'టింగ్'మనేది. అది వినబడితే చాలు, ఈమె పొయ్యి మీది గిన్నె వదిలేసి లేచి నిలబడేది. రెండుసార్లు కూర మాడింది. మూడోసారి మాడాక భర్త లిఫ్టు పైకెక్కి గంట తీగ పీకేశాడు. బిల్డింగ్ యజమాని అడిగితే, "సామాను ఆర్డరు పెట్టానండీ, రావాలి," అన్నాడు. ఇప్పటికీ వస్తూనే ఉంది.

"మరి ఇన్నేళ్లు పనిచేసిన దానివి, పేరడగడం ఎలా మర్చిపోతావు?" అన్నాను.

"మర్చిపోవడం కాదక్కా. ఎప్పుడూ అడిగిందే లేదు. మా వార్డులో మంచాలు నిండిపోతే మంచాల మధ్య నేల మీద పడుకోబెట్టేవాళ్లం. అందరికీ కలిపి నర్సుని నేనొక్కదాన్నే. పేర్లడుగుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కిటికీ మంచం, తలుపు మంచం, కుళాయి పక్క మంచం. అలా పిలిచేవాళ్లం. కిటికీ మంచానికి ఈ సూది, తలుపు మంచానికి ఆ మాత్ర. మొహం చూస్తే చాలు, మందు చెయ్యిలోకి వచ్చేసేది. పెద్ద సిస్టర్ కొత్త పిల్లలకి నన్ను చూపించి మరీ చెప్పేది, దీని కళ్లలోనే ఉంది రిజిస్టరంతా అని."

అప్పుడామె మొహంలో పాత గర్వం ఒకటి మెరిసి, వెంటనే ఆరిపోయింది.

"సరే, మొదలుపెట్టు," అన్నాడు భర్త. "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

ఆమె తలుపు బయటికి వెళ్లి, లోపలికి వచ్చింది. ఈ పరీక్షలో చేసే ప్రతి పనీ పైకి చెప్పాలట. "చేతులు శుభ్రం చేసుకుంటున్నాను. నేను మీ నర్సుని. మీకు నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇవ్వబోతున్నాను." గొంతు నిలకడగానే ఉంది. సిరంజి బదులు పెన్సిలు పట్టుకుంది. ఎడమచెయ్యి దానంతటది వెళ్లి భర్త భుజం కింద కండ పట్టుకుంది. అంత ఒడుపుగా, అంత నమ్మకంగా వెళ్లిన చెయ్యి నేనెక్కడా చూడలేదు.

ఆయన చిన్నగా దగ్గాడు. టేపు చుట్టిన చెయ్యి రెండంగుళాలు పైకి లేచింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "చూశారా అక్కా? పేరడగలేదని అందిస్తున్నారు. మూల కూర్చున్నావిడ అందిస్తుందా?"

"దగ్గొచ్చిందే!"

"రోజూ అక్కడే వస్తుందా?"

ఆయన ఏదో అనబోతుంటే ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారట. లేచి పనిసంచీ భుజాన వేసుకున్నాడు. చేతికి టేపు అలాగే ఉంది.

"అది తీసి వెళ్లండి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చాననుకుంటారు. లిఫ్టు బాగైతే చాలు, వాళ్లకి పేరుతో పనేంటి?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నర్సమ్మ నవ్వలేదు. తలుపు వేసి, వచ్చి మంచం అంచున కూర్చుంది. పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది.

"ఈయనకి చెప్పని సంగతొకటి మీకు చెప్తానక్కా. మొన్న మధ్యాహ్నం ఆశ్రమంలో జరిగింది."

ఆశ్రమంలో చివరి గదిలో ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్లున్నారట. ఇద్దరిదీ ఒకటే పోలిక, ఒకేలా కత్తిరించిన తెల్ల జుట్టు. ఈమెను ఆ వైపు పనికి వేసింది ఈమధ్యే. వచ్చిన రోజే తన అలవాటు చొప్పున మనసులో పేర్లు పెట్టేసుకుంది. కిటికీ మామ్మ, తలుపు మామ్మ. షుగర్ ఉన్నది కిటికీ మామ్మకి, అంటే అక్కకి. చెల్లెలికి ఏమీ లేదు.

"నేను ఉతికిన దుప్పట్లు బీరువాలో సర్దుతున్నాను. డ్యూటీ నర్సు షుగర్ సూది పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. కొత్త పిల్ల. ఇద్దరూ గోడవైపు తిరిగి నిద్రపోతున్నారు. 'ఇందులో ఎవరికి?' అనడిగింది. నేను తిరిగి కూడా చూళ్లేదక్కా. 'కిటికీ పక్కన' అన్నాను."

వేళ్ల మధ్య తిరుగుతున్న పెన్సిలు ఆగింది.

"ఆ పూట ఎండ మొహాన పడుతోందని అక్కాచెల్లెళ్లు మంచాలు మార్చుకున్నారు. నాకు తెలీదు. ఆ పిల్ల కిటికీ దగ్గరికి వెళ్లింది. దుప్పటి తీసింది, చెయ్యి పైకెత్తి పట్టీ చదివింది. మళ్లీ చదివింది. ఏమీ అనకుండా తలుపు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెను లేపి, పేరడిగి, సూది వేసి వెళ్లిపోయింది. నన్నొక్క మాట అనలేదు. నేను చెప్పింది గుర్తు కూడా లేదేమో."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"షుగర్ లేని మనిషికి ఆ సూది పడితే ఏమవుతుందో తెలుసా అక్కా? ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా పడిపోతుంది. నిద్రలో ఉన్న ముసలామె. నిద్రపోతోందిలే అనుకుంటాం. సాయంత్రం టీకి లేపడానికి నేనే వెళ్లేదాన్ని."

"ఏం కాలేదు కదమ్మా," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆమె గబుక్కున నావైపు తిరిగింది.

"ఈయనా అదే అంటారు, అందుకే చెప్పలేదు. ఏం కాలేదు అన్న మాటంటేనే నాకు భయం. మా వార్డులో అన్నేళ్లూ ఏం కాలేదనే అనుకున్నాను. కానీ రోగులు కుళాయి దగ్గరికి లేచి వెళ్లేవాళ్లు, వచ్చి దొరికిన మంచం మీద పడుకునేవాళ్లు. ఎవరైనా పోతే జబ్బు ముదిరి పోయారనేవాళ్లం. ఏం కాలేదని ఎవరు చూశారక్కా?"

బయట మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపించాయి. ఆమె చప్పున లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"మొదట్లో, పరీక్ష పోతుందేమోనని భయపడేదాన్ని. ఇప్పుడు, ఈ చెయ్యి ఇలాగే ఉండి పాసైపోతానేమోనని అదో భయం. పోతే ఇంతకాలం చదివింది గంగలో కలుస్తుంది. పాసైతే ఈ చెయ్యే వార్డులోకి వెళ్తుంది."

కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. తప్పిపోకుండా పసిపిల్లను పట్టుకున్నట్టు.

తర్వాత లేచి దుప్పటి మళ్లీ సాపు చేసింది. టేపు చుట్టా, పెన్నూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం మీరు రండక్కా. ఈయన వద్దు, ఈయనకి జాలెక్కువ. మీరు పడుకోండి. పేరడిగితే ఒకసారి పట్టీ మీద ఉన్నది చెప్పండి, ఒకసారి వేరేది చెప్పండి. ఎప్పుడు ఏది చెప్తారో నాకు తెలియకూడదు. నేను అడక్కుండా, చూడకుండా సూది దగ్గరికి తెస్తే మాత్రం దగ్గకండి, చెయ్యి ఎత్తకండి. గుచ్చేదాకా ఊరుకోండి."

సరేనన్నాను. తలుపు దాకా వచ్చింది.

"టేపు మీ ఇంట్లోనే చుట్టుకుని రండి," అంది. "మీకు నచ్చిన పేరేదో రాసుకోండి. నాకు మాత్రం చెప్పొద్దు."