జావా ట్యాంకు, ఎజ్డీ ఇంజన్

మొదటి షిఫ్టు వదిలిన వేళ, గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటోల హారన్ల మధ్యనుంచి ఒక పాత మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. రెండు సైలెన్సర్లలోంచి తాపీగా, గొంతు సవరించుకుంటున్నట్టు వచ్చే చప్పుడు. వెనకే కాలిన ఆయిల్ వాసన మా దుకాణం కౌంటర్ దాకా వచ్చింది. బొగ్గు లారీ అడ్డం రావడంతో బండి కనబడలేదు. అయినా చేతిలోని క్లచ్ వైరు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. సారక్క ఉంటే ఒక్క క్షణం విని, “ఒక దిక్కు సైలెన్సర్‌ల మసి పట్టింది” అనేది.

ఆమె పేరు సారమ్మ. ఊరంతటికీ సారక్క. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నడుము దెబ్బతిని డ్యూటీ మానుకున్నాక ఆమె పాత మోటారుసైకిళ్ల సామాన్ల దుకాణం పెట్టింది. నేను చేరేనాటికి ఆమె జుట్టు సగం నెరిసింది. నాకు ఇద్దరు పిల్లలు, చేతిలో ఒక డిగ్రీ, మోటారుసైకిల్ గురించి తెలిసిందల్లా వెనక సీట్లో కూర్చోవడం. “కూసునుడు వచ్చు గద, దిగుడు నేర్పిస్త” అని నవ్వి పనిలో పెట్టుకుంది.

మొదటి వారంలోనే ఒకాయన జావాకు పిస్టన్ రింగులు కావాలని వచ్చాడు. బయట బండి ట్యాంకు మీద జావా అనే ఉంది. జావా డబ్బా అందుకోబోతుంటే సారక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. జావా ముందు వచ్చిన బండి, ఎజ్డీ దాని తర్వాతది. రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. గేరు రాడ్డును పైకెత్తితే రెండిట్లోనూ అదే కిక్కు రాడ్డు అవుతుంది. ఒకదాని సామాను ఇంకోదానికి తగిలించి నడుపుకునేవాళ్లు చాలామంది. ఆమె బండి పక్కన గొంతుక్కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ మీద మురికి తుడిచి, ఎజ్డీ నంబరు చూపించింది.

“పేరును చూస్తున్నవ్ బిడ్డా. ట్యాంకు ఎవలన్న మార్చుకుంటరు. ఇంజన్ మీద నంబరు చూడు, హ్యాండిల్ కింద ఫ్రేము మీద నంబరు చూడు. రెండూ ఒక్క కాలంవేనా, కాదా? గప్పుడు చెప్పు.”

“అప్పటికీ అర్థం కాకపోతే?”

“తెల్వదను. తెల్వదంటే నోరేం పడిపోదు.”

ఆ మాట అనడం నాకు చాలా కష్టమైంది. బడిలో, కాలేజీలో తెలియదన్నవాళ్లను నిలబెట్టేవారు. సారక్క దగ్గర మాత్రం తెలియదన్నాకే పని మొదలయ్యేది. బండి చుట్టూ తిరిగేది, బోల్టుల తలలు తడిమి చూసేది, రంగు గీకి లోపలి పాత రంగు చూసేది. తొందరపడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆమెను నేను నిజంగా తెలుసుకున్నది రజిత వచ్చిన రోజున. రజిత నస్పూర్‌లో ఉండేది, గని ఆఫీసులో క్లర్కు. ఆమె తండ్రికి ఒక పాత జావా ఉండేదట. ఆయన చనిపోయిన ఏడాదే ఇంట్లోవాళ్లు దాన్ని అమ్మేశారు. అప్పటికి ఆమె చిన్నపిల్ల. పెద్దయ్యాక ఎక్కడ పాత బండి కనబడినా ఆగి చూసేది. చివరికి జైపూర్ దగ్గర ఒకాయన తన దగ్గరున్నది అదే బండి అన్నాడు. ఆయన ఎవరో కాదు, సారక్క సొంత తమ్ముడు యోహాను. పాత బండ్లు కొని అమ్ముతాడు. ఇద్దరూ కలిసి బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి దుకాణం ముందు దింపారు.

రజిత దాని చుట్టూ తిరుగుతూ చిన్నపిల్లలా మాట్లాడుతూనే ఉంది. “గీ ట్యాంకే అక్కా, గిదే ఎరుపు. బాపు నన్ను ముందట కూసోబెట్టుకునేటోడు. నాకోసమని ఫ్రేముకు వెల్డింగ్ కొట్టిచ్చి చిన్న సీటు పెట్టిచ్చిండు.”

సారక్క ట్యాంకు విప్పించింది. దాని కింది ఫ్రేము గొట్టమంతా కిరసనాయిలుతో కడిగి, వేలితో ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమింది. ఇంజన్ తుడిచింది. నంబర్లు రెండూ చూసింది. నేను కూడా వంగి చూశాను. అది ఎజ్డీ ఇంజన్. ఫ్రేము కూడా దానిదే. వెల్డింగ్ చేసిన జాడ గానీ, గీకి తీసేసిన గుర్తు గానీ ఎక్కడా లేదు.

యోహాను అక్క ముఖంలోకే చూస్తున్నాడు. నేను ఆమె చెవి దగ్గర, “అవునని చెప్పు అక్కా, పాపం ఎంత ఆశపడుతోందో. ఎవరికేం నష్టం?” అన్నాను.

సారక్క చేతులు తుడుచుకుని రజిత దగ్గరికి వెళ్లింది. “బిడ్డా, గిది మీ బాపు బండి కాదు. ఇంజన్ ఆయన బండిది కాదు, ఫ్రేమూ కాదు. ట్యాంకు మాత్రం జావాదే. అది మీదేనా అంటే నాకు తెల్వదు. అయినా అయితది, కాకపోయినా కాకపోతది.”

రజిత దుకాణం మెట్టు మీద కూలబడి ఏడ్చింది. యోహాను, “సొంత తమ్ముని నోట్ల మన్నుగొట్టినవ్” అని అక్క మీద అరిచి, ఆటో డ్రైవరును పిలవడానికి వెళ్లిపోయాడు. సారక్క కౌంటర్ నాకు వదిలేసి రజిత పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. బాపు ఎట్లా నడిపేవాడు, ఎక్కడెక్కడికి తిప్పేవాడు అని మాత్రం అడిగింది. రజిత చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వింది కూడా. చాలాసేపటికి లేచి, ఎర్ర ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది.

“ఉంచుకుంట అక్కా. బాపుదని కాదు. నాకు నడుపుడు నేర్చుకోవాలని ఉంది.”

నేర్చుకుంది. కొన్నాళ్లకు ఆ బండి మీదే ఆఫీసుకు వెళ్లేది. సర్వీసింగ్‌కు వచ్చినప్పుడల్లా దాన్ని “నా ఎజ్డీ” అనేది. బండి అమ్ముడుపోయినా యోహాను మాత్రం చాలాకాలం అక్కతో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో ఎదురుపడినా తల తిప్పుకునేవాడు. ఆమె బాధపడింది. కానీ ఆ రోజు అలా చెప్పకుండా ఉండాల్సిందని ఒక్కసారీ అనలేదు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. పెద్ద దవాఖానలో పరీక్షలయ్యాక డాక్టరు విషయం నా ముందే కొడుక్కీ కోడలికీ చెప్పాడు. ఆమెతో కడుపులో పుండని చెబుదామనీ, ఆమె నన్ను అడిగినా అదే చెప్పమనీ వాళ్లు నన్ను బతిమాలారు. ప్రేమతోనే అన్నారు. సాయంత్రం వార్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

“ఏమన్నడు డాక్టరు? నువ్వు చెప్పు.”

ఆమె ఎదురుచూసింది. చెప్పాను. ఏ జబ్బో చెప్పాను. నయం కాదన్నాడని చెప్పాను. ఎన్నాళ్లన్నది తనకూ తెలియదన్నాడని చెప్పాను. మంచం అంచున అలాగే కూర్చున్నాను. సారక్క కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

“మంచిగ చెప్పినవ్. యోహానుకు ఫోన్ కొట్టు. ఉన్నప్పుడే మాట్లాడుకోవాలె.”

యోహాను మర్నాడే వచ్చాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. చివరి నెలల్లో ఆమెను పొద్దున్నే దుకాణానికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది అతడే. కోడలు కొన్ని రోజులు నామీద కోపంగా ఉండి, తర్వాత తనే వచ్చి పలకరించింది.

ఆమె పోయాక దుకాణం నా చేతికొచ్చింది. ఇది మా తాత బండేనా, అన్న బండేనా అని అడుగుతూ జనం ఫోన్లో ఫొటోలు పంపుతుంటారు. బండిని తీసుకురమ్మంటాను. కాదని చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. అయినా చెబుతాను. చెప్పాక మాత్రం వెంటనే కౌంటర్ వెనక్కి వెళ్లను; సారక్కలా వాళ్ల పక్కన మెట్టు మీద కూర్చుంటాను.