ఈజిప్టు వంటవాడు, కింది వాటా టీచరమ్మ

మా కింది వాటాలో పద్నాలుగేళ్ళు కిరాయికి ఉన్న టీచరమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే చనిపోయారు. ఆ రోజు బంద్. విజయవాడ దారిలో రాస్తారోకో ఉండి, ఆమె తమ్ముడు ఎల్బీనగర్‌లోని మా ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా ఆమె దగ్గర నేనే కూర్చున్నాను.

ఆమె కోస్తా మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మాది నల్లగొండ. నా కళ్ళకు శుక్లాలు ముదిరి, ఆపరేషన్ బందుల మధ్య వాయిదా పడుతుంటే, మధ్యాహ్నాలు పైకి వచ్చి పుస్తకాలు చదివి వినిపించేవారు. ఈజిప్టులో పాత సమాధులు తవ్వే దొర, దొరసానుల ఇంగ్లీషు నవలలు, ఆమె దగ్గర మొత్తం తొమ్మిది ఉండేవి. ప్రతిదానిలో ఒక హత్య, పేజీకొక నవ్వు. ఇంగ్లీషు చూస్తూనే తెలుగులో చెప్పుకుపోయేవారు.

"శవం పక్కన నవ్వులేంది టీచరమ్మా?" అని మొదటి రోజు ముఖం మీదే అన్నాను. నాలుగో రోజుకు రెండు గంటలకే ఆమె కుర్చీ వేయించి ఎదురుచూశాను.

వాళ్ళ డేరాలోని ముసలి వంటవాడంటే నాకిష్టం. సూప్‌లో ఇసుక అని దొర అరిస్తే, "పొద్దంతా మీరు తవ్విందే కదా దొరా, ఎక్కడ దాచమంటారు?" అంటాడు.

ఐదో పుస్తకం సగంలో ఉండగా, కోచింగ్‌కని ఇంట్లోంచి వెళ్ళిన మా మనవడు తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు.

దశదినకర్మ అయిన మర్నాడు టీచరమ్మ పుస్తకం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. మా చెల్లెలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆంధ్రామెకు ఈడేం పని? చూసిపోనీకి ఒచ్చిందా?"

"వదినగారు పొమ్మంటే పోతానండి."

ఆమె వదినగారనేది నన్నే. నేను పొమ్మనలేదు. "ఎక్కడ ఆపినమో అక్కడికెల్లి చదువుండ్రి" అన్నాను.

ఆ రోజు ఆమె తడబడ్డారు. కాగితాల చప్పుడే ఎక్కువ వినిపించింది.

"పేజీలెందుకు ఎగరగొడుతున్నరు? నాకు కండ్లు లెవ్వు గని చెవులున్నయి."

"కళ్ళజోడు మసకేసిందండి వదినగారూ."

"బడిల పిల్లలకు గిట్లనే చెప్పిన్రా?"

"ఇంతకన్నా అన్యాయంగానండి."

తరువాత వంటవాడు దొరతో ఏదో అన్నాడు. ఆ పదకొండు రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది నాకు.

పోయిన నెల ఆపరేషన్ జరిగి ఒక కన్ను బాగైనా వినడం మానలేదు. ఆమె తమ్ముడు వెళ్తూ పుస్తకాలన్నీ నాకే ఇచ్చాడు. ఐదోది తెరిచి, నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. వంటవాడు అందులో సగానికే తూటా తగిలి చనిపోయాడు. పేజీలు ఎగరగొట్టారని నేను ఆమెను మందలించింది ఆ చావు దగ్గరే.

అక్కడి నుంచి ఎనిమిదో పుస్తకం చివరి దాకా, అంచుల్లో పెన్సిల్‌తో, సన్నని తెలుగులో అతని మాటలు రాసి ఉన్నాయి. కింద కూర్చుని ముందే రాసుకుని పైకి వచ్చేవారన్నమాట.

తొమ్మిదోది మేమింకా మొదలుపెట్టలేదు. అందులోనూ నలభై ఒకటో పేజీ దాకా ఆమె రాత ఉంది. ఆ పేజీలో దొరసాని కొత్త సమాధి మెట్లు దిగుతూ, దీపం పట్టమని పైకి కేకేస్తుంది. పక్కన అంచులో, వంటవాడి జవాబు రాయడానికి పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ఉంది. ఆ తరువాత అంచులన్నీ తెల్ల కాగితమే.