గోదారి వంతెన మీద ఆగిన వ్యాను

2023 వేసవి. రాజమండ్రిలో నేను పనిచేసే మేజిస్ట్రేటు కోర్టు రికార్డు రూములో ఫ్యాను తిరుగుతుంది గాని గాలి రాదు. అక్కడ నేను రికార్డు అసిస్టెంటుని. తీర్పయిపోయిన కేసుల కట్టలు నా కాపలాలో ఉంటాయి. ఎవరికైనా కాపీ కావాలంటే వెతికి తీసివ్వాలి. వాటిలో ఎక్కువ భాగం ఎస్.టి.సి.లు, అంటే సమ్మరీ ట్రయల్ కేసులు. హెల్మెట్ లేదనో, ముగ్గురెక్కారనో, బండి అడ్డంగా పెట్టారనో రాసినవి. తప్పు ఒప్పుకుని జరిమానా కడితే ఒక్క పూటలో తేలిపోతాయి. ఆ తర్వాత వాటి మొహం ఎవరూ చూడరు. ఏళ్లు గడిచాక ఏ ఉద్యోగానికో అడ్డం పడితే అప్పుడు పరుగెత్తుకొస్తారు.

సూరిబాబు అలా వచ్చిన మనిషే. నిడదవోలు దగ్గర పల్లెటూరు. యాభైకి దగ్గర పడిన వయసు, ఉతికి మడతపెట్టిన చొక్కా, చేతిలో పాలిథిన్ కవరు. గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కోర్టులో చెప్పులు విడవక్కర్లేదని చెప్పినా వినలేదు.

"మా ఊరి పిల్లల్ని రాజమండ్రి తీసుకొచ్చే స్కూలు బస్సుకి డ్రైవరు కావాలన్నారండి. లైసెన్సు రెన్యూ చేయించుకుందామని ఆర్టీవో ఆఫీసుకి వెళ్తే, దీని మీద కోర్టు కేసుంది, తేలిపోయినట్టు కాగితం తెమ్మన్నారండి. బళ్లు తెరిచేలోగా తేకపోతే ఇంకొకర్ని పెట్టేసుకుంటారంట."

"ఎప్పటి కేసండి?"

"పుష్కరాల ముందు వేసవండి."

మా గోదారి ఒడ్డున కేసులకి సంవత్సరాలుండవు, పుష్కరాలుంటాయి. 2015 అని నేనే రాసుకున్నాను. వంతెన మీద వ్యాను ఆపినందుకు ట్రాఫిక్ పోలీసు కేసు రాశాడట. లైసెన్సు కూడా తీసేసుకున్నాడట. వ్యాను ఓనరే వకీలుని పెట్టి, తప్పు ఒప్పించి, జరిమానా కట్టేశాడట. చిన్న కేసుల్లో అలా వకీలు ద్వారా తేల్చుకోవచ్చు. అందువల్ల సూరిబాబు అసలు కోర్టు గుమ్మమే తొక్కలేదు.

ఇలాంటి కేసుని పేరుతో వెతకడం బుద్ధితక్కువ పని. సూరిబాబులు, సత్తిబాబులు గోదారి జిల్లాల్లో వీధికి ఇద్దరు. అందుకని బండి నంబరుతో వెతుకుతాం. వ్యాను నంబరు ఆయనకి నోటికొచ్చు. కంప్యూటర్లో కొట్టాను, లేదు. పాత రిజిస్టర్లు దింపాను, వాటిలోనూ లేదు. పోలీసు పొరపాటున ఓనరు పేరు రాశాడేమోనని అదీ చూశాను. ఆ వేసవిలో వంతెన మీద ఆగిన బళ్లు బోలెడు దొరికాయి, ఈ వ్యాను తప్ప.

గడువు తీరిన చిన్న కేసుల ఫైళ్లని కోర్టులో నాశనం చేసేస్తారు. దాన్ని మేం డిస్ట్రక్షన్ అంటాం. అయితే ఫైలు పోయినా కేసు ఎలా తేలిందో చెప్పే రిజిస్టరు మిగులుతుంది. ఇక్కడ అదీ లేదు. మరి లేని కేసుకి లైసెన్సు ఎలా ఆగిందన్నది నన్ను ఇంటికెళ్లాక కూడా వదల్లేదు. నేను పుట్టుకతోనే ఆరాలు తీసే రకం. పక్కింట్లో కుక్కరు కూత తేడాగా ఉన్నా గోడమీంచి తొంగి చూస్తాను.

మర్నాడు సూరిబాబు చేత ఆ ఓనరుకి ఫోను చేయించాను. ఆయన ఎప్పుడో వ్యాను అమ్మేసి రొయ్యల చెరువుల్లోకి దిగాడు. సూరిబాబు ఇన్నాళ్లూ ఆ చెరువుల దగ్గరే నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుంటూ బతికాడు.

"అంతా వకీలే చూసుకున్నాడు గాని, రాజమండ్రి కోర్టేనండి మేడంగారూ. రాజమండ్రి వంతెన మీద పట్టుకుంటే రాజమండ్రి కాక ఇంకేం కోర్టండి?" అన్నాడు ఓనరు, నాకు న్యాయశాస్త్రం నేర్పుతున్నట్టు.

సూరిబాబు తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండా వరండాలో కూర్చున్నాడు. "దొరకదేమోనండి," అన్నాడు నేలవైపు చూస్తూ. నాకు జాలీ వేసింది, చిరాకూ వేసింది. ఇన్నేళ్లు లైసెన్సు కోసం రాకుండా ఏం చేశాడీయన? అప్పటిదాకా పేరు, ఊరు, నంబరు, సంవత్సరం అన్నీ అడిగాను. అసలు సంగతి మాత్రం అడగలేదు.

"ఇంతకీ బండి ఎందుకాపారండి?"

"చెప్తే నవ్వుతారండి."

"నవ్వనులెండి, చెప్పండి."

"మా చెల్లి పెళ్లయ్యాక వ్రతానికి అన్నవరం బయల్దేరామండి. కొత్త వియ్యాలోరు కూడా వ్యానులోనే ఉన్నారు. వంతెన ఎక్కగానే మా అమ్మ గోదారమ్మకి రూపాయి వేస్తాను, ఆపరా అంది. ఇక్కడ ఆపకూడదే అన్నానండి. వినదు కదండీ. ఆపాను. అమ్మ విసిరిన రూపాయి పోయి ఇసుకలో పడింది. మా వియ్యపరాలు కిసుక్కున నవ్వింది. మా అమ్మకి పౌరుషం వచ్చి, ఇంకో రూపాయి నా చేతిలో పెట్టి, ముందుకి పోనీరా, నీళ్లున్నచోట నువ్వే వేద్దువుగాని అంది. గేరు వేసేలోగా పోలీసాయన వచ్చేశాడండి."

"తర్వాత?"

"తర్వాతేముందండి. వియ్యాలోరి ముందు ఆయన నన్ను నానా మాటలూ అన్నాడు. అమ్మ అన్నవరం దాకా మాట్లాడలేదు. గోదారమ్మ నా రూపాయి పుచ్చుకోలేదు, ఇంక నువ్వు స్టీరింగు ముట్టుకోవద్దని కొండమీద ఒట్టేయించుకుందండి. అమ్మున్నంతకాలం ముట్టుకోలేదు. అందుకే లైసెన్సు కోసమూ రాలేదు. కిందటేడు అమ్మ పోయింది. నాకు తెల్సిన పని డ్రైవింగొక్కటేనండి."

నవ్వనని మాటిచ్చాను గాని, అప్పటికి నాకు నవ్వొచ్చే పరిస్థితీ లేదు. అంతలోనే బుర్రలో ఏదో తట్టింది.

"ఇసుకలో పడిందన్నారు. మరి నీళ్లు ఎటున్నాయండి? ముందుకా, వెనక్కా?"

"ముందుకేనండి. అందుకే కదండీ పోనీరా అంది."

"అన్నవరం వెళ్తూనే కదా ఇది? వస్తూ కాదుగా?"

"ఆయ్, వెళ్తూనేనండి."

లేచి నిలబడ్డాను. నిడదవోలు నుంచి అన్నవరం వెళ్లేవాడు కొవ్వూరు దగ్గర వంతెన ఎక్కి రాజమండ్రిలో దిగుతాడు. వేసవిలో ఇసుక మేటలు ఎక్కువగా తేలేది కొవ్వూరు వైపే, మా ఒడ్డుకి ఎప్పుడూ నీళ్లు ఆనుకునే ఉంటాయి. కాళ్లకింద ఇసుక, ముందు నీళ్లు ఉన్నాయంటే వ్యాను ఇంకా వంతెన సగం దాటలేదు. అప్పట్లో వంతెన సగానికి ఇటు తూర్పు గోదావరి, అటు పశ్చిమ గోదావరి. అటు సగంలో ఆగిన బండి కేసు అవతలి ఒడ్డున కొవ్వూరు కోర్టుకే పోతుంది. మొన్నటి జిల్లాల మార్పుల్లో రెండు ఒడ్లూ ఒకే జిల్లా అయ్యాయి గాని, 2015 నాటి కేసుకి ఆ సంగతి తెలియదు కదా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోజూ ఆయన ఆ కోర్టు ఉన్న ఊరు దాటుకునే నా దగ్గరికి వస్తున్నాడు.

అవతలి కోర్టు రికార్డు రూములో రామలక్ష్మిగారని నాకు తెలిసినావిడ ఉన్నారు. ఫోను చేసి వ్యాను నంబరు చెప్పాను. కాసేపటికి ఆవిడే చేశారు.

"దొరికిందమ్మా. జరిమానా కట్టారు, కేసు తేలిపోయింది. ఫైలు డిస్ట్రక్షన్ జాబితాలో ఉంది గాని ఇంకా ఇక్కడే ఉంది. లైసెన్సు కూడా ఉంది. ఎవరూ రాలేదేంటి ఇన్నాళ్లూ?"

మర్నాడు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు, నా ఆరాటం అంతే. బస్సు కిటికీలోంచి వంతెన పొడుగునా కిందికే చూశాను. మా ఒడ్డున నీళ్లు, అవతల ఇసుక. పరీక్ష పాసయినంత సంబరం వేసింది.

సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు, దరఖాస్తు పెట్టిన సాయంత్రానికే తయారైంది. రామలక్ష్మిగారు లైసెన్సుకి సంతకం చేయించుకుని, పాత ప్లాస్టిక్ కవరు ఒకటి బల్లమీద పెట్టారు. "పోలీసులు ఎలా పంపారో అలాగే ఉంచాం. లోపలున్నవి చూసుకోండి, తర్వాత మమ్మల్ని అడక్కండి," అన్నారు.

సూరిబాబు కవరు దులిపాడు. లైసెన్సు పడింది. సత్యనారాయణస్వామి చిన్న ఫోటో పడింది. దాని వెనకనుంచి ఒక రూపాయి బిళ్ల దొర్లి బల్ల అంచున ఆగింది.

ఆయన అది కింద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మదండి," అన్నాడు. "నీళ్లొచ్చాక వేద్దామని కవర్లో దోపానండి. పోలీసాయన కవరుతో సహా లాక్కున్నాడు. ఆ గొడవలో నేనే మర్చిపోయాను."

రామలక్ష్మిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేనూ కిటికీవైపు తిరిగాను.

ఆయన తన ఊరికి వెళ్లకుండా నాతోపాటే తిరుగు బస్సెక్కి నా పక్కనే కూర్చున్నాడు, గుప్పిట విప్పకుండా. వంతెన మధ్యకి వచ్చినప్పుడు, "ఆపమని అడగమంటారా?" అన్నాను. "వద్దండి బాబూ, మళ్లీ కేసా!" అన్నాడు కంగారుగా. రాజమండ్రిలో దిగాక కాగితాలు నా చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని వంతెన మీదికి నడుచుకుంటూ వెళ్లాడు. కొంతదూరం పోయి, కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూశాడు. ఇంకొంచెం ముందుకి నడిచి మళ్లీ చూశాడు. నీళ్లేనని నమ్మకం కుదిరాక చెయ్యి చాపి వదిలేశాడు. తిరిగొచ్చినప్పుడు మొహమంతా తడిసి ఉంది. ఎండ అనుకుందామంటే అప్పటికి పొద్దు వాలిపోయింది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కాపీ కోసం ఎవరొచ్చినా నంబరు అడిగేముందు అసలేం జరిగిందని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. చెప్పేవాళ్లు మాత్రం రిజిస్టరులో లేనివన్నీ చెబుతారు, వెతకాల్సిన చోటు అందులోనే ఎక్కడో దొరుకుతుంది.

బళ్లు తెరిచాక ఓ పొద్దున కోర్టు దగ్గర పసుపుపచ్చ బస్సొకటి హారను కొట్టింది. స్టీరింగు ముందు సూరిబాబు, వెనక కిటికీల నిండా పిల్లలు.

"పిల్లలు గోదారిలో డబ్బులేస్తాం, ఆపమంటున్నారా?" అని అడిగాను.

"రోజూ అడుగుతారండి. ఆపకుండానే దణ్ణం పెట్టించేస్తున్నాను," అన్నాడు. "దణ్ణమైతే ఇసుకలో పడదు కదండీ."