బొంబాయికి విమానంల ఎందుకు రమ్మన్నరు

మా దిక్కు పెద్ద ఆపద వస్తె ఉన్నది ఉన్నట్టు ఎవరూ చెప్పరు. మా బాపు పోయినప్పుడు గూడ "బాపుకు ఒంట్ల జర బాగలేదు, నిన్ను సూస్తనంటుండు" అనే నన్ను మా తల్లిగారూరు వర్నికి తీస్కపోయిన్రు. బస్సు దిగి ఊర్లెకు నడుస్తుంటె డప్పు ఇనబడ్డది. అప్పటిసంది ఎవరన్న నాతోని మెత్తగ మాట్లాడితె చాలు, లోపల అనుమానం మొదలైతది.

గిది పంతొమ్మిది వందల డెబ్బై దాటినంక ముచ్చట. మేము బోధన్‌ల ఉంటుంటిమి. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరు. కొత్త మిషన్ల పని నేర్చుకోను ఆయనను బొంబాయి పంపిన్రు. ఆయన అటు పోయినంకనే మా బిడ్డకు చెవుల ఆపరేషన్ అయింది. దానికి నాలుగేండ్లు. చెవులు ఊకె కారేవి. ఎన్క నుంచి పిలిస్తె పలికేది కాదు. మాట్లాడేటోళ్ల నోటి దిక్కే సూసేది. నిజామాబాద్ డాక్టరు మమ్మల్ని హైదరాబాద్ పంపిండు. అక్కడి చెవుల డాక్టరు రెండు చెవుల పొరలకు సన్న తూట్లు చేసి, ఆవగింజంత ప్లాస్టిక్ గొట్టాలు పెట్టిండు. వాటితోని లోపలికి గాలి ఆడుతదట, నీరు నిలువదట. "బోరింగుకు దించినట్టు పిల్ల చెవులల్ల పైపులు దించిన్రు" అని మా అత్త వాడకట్టంత చెప్పుకొచ్చింది.

ఒకనాడు తెల్లారంగనే ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి మనిషి వచ్చిండు. మా మామను వాకిట్లకు పిలిచి ఏదో చెప్పి, ఛాయి గూడ తాగకుండ సైకిలెక్కి పోయిండు. మామ లోపలికి వచ్చి, నా దిక్కు సూడకుండ గోడకు చెప్పినట్టు చెప్పిండు.

"వానికి కిడ్నీల రాయి ఉన్నదట. బొంబాయిలనే ఆపరేషన్ చేస్తరట. నువ్వు, పిల్ల పోవాలె. ఆఫీసోళ్లే విమానం టికెట్లు తీసిన్రు. సాయంత్రం హైదరాబాద్‌ల ఎక్కాలె."

"రాయికి విమానం ఎందుకు?" అన్న.

"రైలుకు పోతె మన్మాడ్‌ల మారాలె. ఆలస్యమైతదట."

"దేనికి ఆలస్యమైతది?"

ఆయన తువ్వాల భుజం మీద ఏసుకొని బయటికి పోయిండు. ఏనాడు నాకు వడ్డించని మా అత్త పళ్లెంల అన్నం పెట్టుకొచ్చి నా ముందల కూసున్నది. "తిను బిడ్డా" అన్నది. అని, నా నుదుటి బొట్టు దిక్కు సూసి తల తిప్పుకున్నది. నేను పళ్లెం పక్కకు జరిపిన. ఫిట్టరు పెండ్లాన్ని ఎవరన్న ఊకెనే విమానం ఎక్కిస్తరా?

మా మరిది మమ్మల్ని బస్సుల హైదరాబాద్ తీస్కపోయిండు. గొట్టాలున్న బిడ్డను చెవుల డాక్టరుకు సూపిస్తెనే విమానం ఎక్కుత అని మొండికేసిన. దవాఖానల మరిది నాకంటె ముందు లోపలికి పోయి ఏదో మాట్లాడొచ్చిండు. తర్వాత మమ్మల్ని పిలిచిన్రు. డాక్టరు లైటు ఏసి బిడ్డ చెవులు సూసిండు.

"నిశ్చింతగా వెళ్లండమ్మా" అన్నడు. "విమానం ఎక్కి దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి మామూలు చెవులకు నొప్పి వస్తుంది. ఈ పాప చెవుల్లో గాలికి దారి ఉంది. ఏమీ కాదు. వస్తే మీకే రావాలి."

నీళ్లు పోసేటప్పుడు చుక్క గూడ లోపలికి పోనియ్యొద్దని చెప్పిన మనిషి, ఇయ్యాల ఆకాశంల పోయినా ఏం కాదంటుండు. మరిది లోపలికి పోయి చెప్పిందేందో నాకు అర్థమైనట్టే అనిపించింది. పాపం, ఆమె మొగడు పోయిండు, ఎట్లన్న పంపియ్యున్రి అని చెప్పి ఉంటడు.

బేగంపేటల విమానాల అడ్డ లోపలికి పోయేటప్పుడు "ధైర్యంగ ఉండు వదినా" అన్నడు మరిది. గంతే. అప్పటిదాక మిగిలిన జర ఆశ గూడ పోయింది.

విమానంల పనిచేసేటి ఒక పిల్ల పళ్లెంల పిప్పరమెంట్లు, దూది పట్టుకొని నవ్వుకుంట వచ్చింది. ఊకె ఇచ్చేటియి ఎందుకిస్తున్నరో అని నేను ముట్టలే. బిడ్డ మాత్రం పిడికెడు తీసుకున్నది. విమానం లేవంగనే ముందు సీట్ల చంటిపిల్ల ఒకటే ఏడుపు. మా బిడ్డ మాత్రం కిటికీకి ముక్కు ఆనిచ్చి కూసున్నది. కదలది, మెదలది. గొట్టాలు లోపలికి పోయినయేమో, పొర పగిలిందేమో అని నాకు గుబులు. వేలు పెట్టి సూసిన, రక్తం లేదు. పిలిచిన, పలుకలే. ఆ మోతల ఎవరు పలుకుతరని గూడ నాకు తోచలే. తొడ మీద గిచ్చిన.

"ఎందుకు గిచ్చినవ్ అవ్వా?" అని మొహం చిట్లించి, మళ్ల కిటికీ దిక్కు తిరిగింది.

విమానం దిగుడు మొదలైనంక నా చెవులల్ల ఎవరో మొద్దు పుల్ల దూర్చి తిప్పినట్టయింది. కండ్లెంబడి నీళ్లొచ్చినయి. బొంబాయిల దిగేసరికి నొప్పి తగ్గింది గని, రెండు చెవులు మూసుకపోయినయి. పక్కన మనుషులు మాట్లాడుతుంటె బాయి లోపలికెంచి ఇన్నట్టున్నది.

బయట మా ఆయన దోస్తు నిలబడి ఉన్నడు. ఆయనతోనే బోధన్ నుంచి పోయిన మనిషి. నన్ను సూసి దగ్గరికొచ్చి ఏదో చెప్పుడు మొదలువెట్టిండు. నాకు ఒక్క ముక్క ఇనబడలే. పెదవులు కదులుతున్నయి. మొహంల నవ్వు లేదు. మాట నడుమ ఒక్కపారి తల అడ్డంగ ఊపిండు. ఇగ సావు కబురు చెప్పిండు అనుకున్న. సంచి మీద కూలబడ్డ.

బిడ్డ నా గదువ పట్టుకొని తన దిక్కు తిప్పుకున్నది. దాని మాట అప్పటికింక సాఫ్‌గ వస్తలేకుండె. నా చెవికి నోరు ఆనిచ్చి ఒర్లింది.

"అవ్వా, బాపు అలిగిండట."

"ఏందీ?"

"అలిగిండట. అన్నం తింటలేడట. మనం పోవాల్నట."

దాన్ని పట్టుకొని ఏడ్సిన. దోస్తు పరేషాన్ అయి అటుఇటు సూసిండు.

దవాఖానల మా ఆయన గడ్డం పెరిగి, మంచం మీద కూసొని ఉన్నడు. నన్ను పలుకరియ్యలే. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని, పెదవులు కనబడకుండ, మెల్లగ "బిడ్డా" అన్నడు. గా మెల్లటి మాట నాకైతె ఇనబడలే, తర్వాత చెప్పిండు. బిడ్డ మాత్రం "ఆఁ" అన్నది. ఇంకోపారి పిలిచిండు. ఇంకోపారి పలికింది. ఆయన గోడ దిక్కు తిరిగి కండ్లు తుడుసుకున్నడు.

"పిల్లకు బాగైంది, బాగైంది అని కబురు పంపుతుంటె నేను నమ్మలే" అన్నడు, నా చెవి దగ్గరికొచ్చి గట్టిగ. "మత్తు ఇస్తరట. మళ్ల లేస్తనో లేవనో. పిల్ల ఇంటదో లేదో నా కండ్లతోని సూసినంకనే ఆపరేషన్ చేపిచ్చుకుంట అన్న. డాక్టరు ఆలస్యం చెయ్యొద్దని కోపమైండు. గందుకే ఆఫీసోళ్లు విమానంల పిలిపిచ్చిన్రు."

"నువ్వు సచ్చిపోయినవనుకున్న" అన్న.

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే."

తెల్లారి ఆపరేషన్ అయింది. డాక్టరు సీసల ఒక రాయి ఏసి ఇచ్చిండు. చింతగింజంత ఉన్నది. అది మా ఆయనదేనా, వేరేటోళ్లదా అని నాకు చాన దినాలు అనుమానమే ఉండె.

ఆయన నడువంగనే ముగ్గురం రైలుకే బోధన్ వచ్చినం. మళ్ల విమానం మాట ఎవరూ ఎత్తలే. అప్పుడు తెలిసింది, ఇంట్ల ఎవరికీ ఏమీ తెల్వదని. ఆఫీసు మనిషి ఉన్నదే చెప్పిండట, మామ నమ్మలేదట. మామ మొహం సూసి అత్త, అత్త మొహం సూసి మరిది, కొడుకు లేడనే అనుకున్నరట. మేము పోయిన దినం ఇంట్ల పొయ్యి గూడ అంటువెట్టలేదట.

మా ఆయన వాకిట్ల గడంచె మీద కూసుంటె, అత్త ఆయన ఒంటిని నెత్తి నుంచి కాళ్ల దాక తడిమి సూసింది. తర్వాత రాయి సీసను ఎలుగుల పట్టి చానసేపు తిప్పింది.

"గింత రాయికి గంత దూరమా?" అని, లోపలికి పోయి బియ్యం కడిగింది.